పడమటి గాలీ, యాసంగి బావీ

శంషాబాద్ విమానాశ్రయంలో రన్‌వేలు రెండు. ఒకటి 4,260 మీటర్ల పొడుగు, రెండోది 3,707 మీటర్లు. రెండూ తూర్పు పడమరలుగానే పరిచి ఉంటాయి. ఒక కొసన 09, మరో కొసన 27 అని రాసి ఉంటుంది. అంటే దిక్సూచిలో 90 డిగ్రీలు, 270 డిగ్రీలు. 2008 మార్చి దాకా నగరానికంతటికీ దిక్కైన బేగంపేట రన్‌వేదీ ఇదే వరస. విమానం గాలికి ఎదురుగా లేవాలి, ఎదురుగానే దిగాలి. అందుకే రన్‌వే గీసే ముందు ఆ చోట ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి ఎటునుంచి వస్తుందో లెక్క తీస్తారు. హైదరాబాద్ లెక్క మన పెద్దలకు తెలిసిందే: మృగశిర కార్తె మొదలుకొని వానాకాలమంతా పడమటి గాలి, చలికాలంలో తూర్పు గాలి. ఆషాఢంలో ఆ పడమటి గాలి ఎంత జోరుగా ఉంటుందో దండెం మీద బట్టలారేసినవాళ్లను అడిగినా చెబుతారు.

ఆ రన్‌వేలకు ఉత్తరంగా కొద్ది కిలోమీటర్ల దూరంలో, ఆరాంఘర్ నుంచి చాంద్రాయణగుట్ట వైపు వెళ్లే దారిలో కాటేదాన్ పారిశ్రామికవాడ ఉంది. నూనె తీసేవాళ్లు, ప్లాస్టిక్ పోతపోసేవాళ్లు, ఇనుము కరిగించేవాళ్లు అక్కడ గోడకు గోడ ఆనించి పని చేస్తుంటారు. కాటేదాన్‌లో తిరిగే ప్రతి చక్రమూ కరెంటుతో తిరిగేదే. ఆషాఢపు గాలి ఆ రేకుల కప్పుల మీదుగా ఏ పనీ చేయకుండా వెళ్లిపోతుంది.

అచ్చంగా ఇలాంటి పనులన్నీ గాలితోనే చేసిన పారిశ్రామికవాడ ఒకటి ప్రపంచంలో ఉండేది. ఆమ్‌స్టర్‌డామ్‌కు కాస్త ఉత్తరాన, జాన్ నది ఒడ్డున. ఆ సీమ బాగా వెలిగిన రోజుల్లో అక్కడ ఆరువందలకు పైగా గాలిమరలు ఉండేవి. కొన్ని నూనె గింజలు నలిపేవి, కొన్ని రంగు రాళ్లు నూరేవి, కొన్ని ఆవాలు విసిరేవి, కొన్ని కాగితానికి గుజ్జు కొట్టేవి. 1692లో కట్టిన ‘ద స్కోల్‌మేస్టర్’ అనే కాగితపు మర ఇప్పటికీ గాలితోనే కాగితం చేస్తోంది. అన్నిటికంటే ముఖ్యమైనది కట్టె కోత. 1594లో కోర్నెలిస్ కోర్నెలిస్‌జోన్ అనే డచ్చివాడు గాలి తిప్పే ఇరుసుకు వంకర కడ్డీ ఒకటి బిగించి, గుండ్రంగా తిరిగే తిరుగుడును పైకీ కిందికీ ఆడే రంపంగా మార్చాడు. ఇద్దరు మనుషులు రోజుల తరబడి కోసే దుంగ గంటల్లో పలకలైంది. అలాంటి పలకలు చవగ్గా దొరకడం వల్లే హాలండ్ అన్ని ఓడలు కట్టగలిగింది. ఆ ఓడలు 1605లో మచిలీపట్నం రేవుకు వచ్చాయి. మరుసటి ఏడాదే డచ్చి కంపెనీకి గోల్కొండ సుల్తాను ఫర్మానా దొరికింది. అప్పటికి హైదరాబాద్ నగరం పుట్టి పదిహేనేళ్లు.

గాలి కోసిన పలకలతో ఓడలు కట్టుకుని, గాలి మీదనే వచ్చినవాళ్లు మన తీరంలో నూట యాభై ఏళ్లకు పైగా ఉన్నారు. మచిలీపట్నం, పాలకొల్లు, భీమునిపట్నంలలో గిడ్డంగులు పెట్టారు. వాళ్ల సమాధులు భీమిలిలో ఇంకా ఉన్నాయి. అద్దకం బట్టలు ఇక్కడినుంచి వెళ్లాయి. గాలిమర మాత్రం తెలుగు నేల మీద నాటుకోలేదు. మనవాళ్లకు గాలి తెలియక కాదు. కోరంగిలో తెరచాప ఓడలు కట్టినవాళ్లు మనవాళ్లే. గాలివానకు దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును కాజేయబోమని కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు. గాలి మంచీ చెడూ తెలిసిన రాజ్యం అది. కళ్లంలో వడ్లు తూర్పారబట్టే రైతుకు ఏ ఘడియలో గాలి లేస్తుందో తెలుసు. మరి మర ఎందుకు రాలేదు?

దీనికి ‘మనవాళ్లు యంత్రాల్లో వెనకబడ్డారు’ అనే జవాబు చాలాచోట్ల వినిపిస్తుంది. అది తప్పుడు జవాబని నా నమ్మకం. అసలు కారణం గాలి లెక్కలో, నీటి లెక్కలో ఉంది.

ముందు గాలి లెక్క. కదిలే గాలిలోని శక్తి దాని వేగానికి వర్గంగా పెరుగుతుంది. పైగా వేగం పెరిగితే అదే సెకనులో రెక్కల గుండా పోయే గాలి మొత్తం కూడా పెరుగుతుంది. రెండూ కలిస్తే ఘనం అవుతుంది. గాలి వేగం రెట్టింపైతే అందే శక్తి ఎనిమిది రెట్లు. సెకనుకు 4 మీటర్ల గాలి ఒక చదరపు మీటరు మీదుగా పోతుంటే అందులో సుమారు 38 వాట్లు ఉంటాయి. 8 మీటర్ల గాలి అయితే 300 దాటుతుంది. ఇందులోనూ మనం పట్టుకోగలిగింది కొంతే. గాలిని పూర్తిగా ఆపేస్తే వెనక వచ్చే గాలికి దారి ఉండదు కనుక, ఎంత గొప్ప రెక్కలైనా 59.3 శాతానికి మించి లాగలేవని 1920లో జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ లెక్కగట్టాడు. పాత చెక్క మరలు ఆ దరిదాపులకు కూడా రాలేదు. ఇరవైనాలుగు మీటర్ల వెడల్పున రెక్కలు చాచిన మర 8 మీటర్ల గాలిలో పదోవంతు శక్తి పట్టిందనుకున్నా 14 కిలోవాట్లు, అంటే పందొమ్మిది హార్స్‌పవర్‌కు కాస్త తక్కువ. మన వాడకట్టులోని పిండి గిర్నీలు ఒకటో రెండో నడుస్తాయి. ఆ కాలానికి అది చాలా పెద్ద బలం.

ఆ బలాన్ని ఎక్కడెక్కడ వాడారో చూడాలంటే ఇంగ్లండ్ తూర్పు తీరానికి, నార్ఫోక్, సఫోక్ జిల్లాలకు వెళ్లాలి. పల్లెలు, పొలాలు, చిత్తడి నేలలు, ఆ వెంటనే ఉత్తర సముద్రం. ఇంగ్లండ్‌లో గాలిమరల ప్రస్తావన రాతపూర్వకంగా దొరికేది 1180ల నుంచి. 1191లో సఫోక్‌లోని బరీ సెయింట్ ఎడ్మండ్స్‌లో హెర్బర్ట్ అనే మతాధికారి ఒక గాలిమర కట్టించుకున్నాడు. మఠాధిపతి శాంసన్‌కు పట్టరాని కోపం వచ్చింది. గాలి అందరిదీ, దాన్ని వాడుకోవద్దనే హక్కు ఎవరికీ లేదని హెర్బర్ట్ వాదించాడు. మఠాధిపతి వినలేదు. ఊరివాళ్లు తమ గింజలు మఠం మరకు తేవడం మానేస్తే ఆదాయం పోతుంది. చివరికి ఆ మరను పీకేయాల్సి వచ్చింది. సెయింట్ ఆల్బన్స్ అనే మరో ఊళ్లో మఠంవాళ్లు జనం ఇళ్లలోని తిరగలి రాళ్లు లాక్కుని మఠం గచ్చులో పరిచారు. 1381 రైతు తిరుగుబాటులో జనం వచ్చి ఆ రాళ్లు తవ్వి తీసుకుపోయారు. యూరప్‌లో గాలిమర, నీటిమర అంతగా వ్యాపించడం వెనక యంత్రం సుఖం ఎంత ఉందో ఈ బలవంతం కూడా అంత ఉంది. ఇంట్లో విసురుకోవద్దు, దొర మరలోనే పట్టించు, కూలి కింద ఇంత గింజ కొలువు.

మన దగ్గర ఇసుర్రాయిని ఎవరూ లాక్కోలేదు. అది మేలని చెప్పను. తెల్లవారకముందే లేచి జొన్నలు విసిరి, వడ్లు దంచిన ఆడవాళ్ల చేతులకు ఎవరూ కూలి లెక్కగట్టలేదు. లెక్కగట్టని చాకిరీ ఉన్నచోట యంత్రం కోసం ఎవరూ ఖర్చు పెట్టరు. గాలిమర రాకపోవడానికి ఇది ఒక కారణం. పైగా వరి తినే ఇంట్లో బియ్యం పిండి కావాల్సిన పని రోజూ ఉండదు. రొట్టె తినే యూరప్‌కు రోజూ పిండే కావాలి.

నార్ఫోక్ మరల తెలివి నన్ను బాగా ఆకట్టుకునే విషయం. గాలి దిక్కు మారినప్పుడల్లా రెక్కలు అటు తిరగాలి. మొదటి మరల్లో మొత్తం చెక్క ఇంటినే ఒక లావు దూలం మీద నిలబెట్టి, వెనక పొడుగాటి కొయ్య పట్టుకుని మనిషి తోసేవాడు. తర్వాత గోడ కదలకుండా పైకప్పు ఒక్కటే తిరిగేలా కట్టారు. 1745లో ఎడ్మండ్ లీ అనే కమ్మరి పైకప్పు వెనక అడ్డంగా ఒక చిన్న రెక్కల చక్రం పెట్టాడు. గాలి ఎదురుగా ఉన్నంతసేపూ ఆ చిన్న చక్రం కదలదు. గాలి పక్కకు తిరిగిందా, అది తిరగడం మొదలుపెట్టి, పళ్ల చక్రాల ద్వారా పైకప్పును మళ్లీ గాలికి ఎదురు నిలబెట్టి ఆగిపోతుంది. మనిషి నిద్రపోతున్నా మర తన దిక్కు తాను చూసుకుంటుంది. యంత్రం తన తప్పు తాను దిద్దుకోవడమనే ఊహకు తొలినాటి ఉదాహరణల్లో ఇదొకటి. రెక్కలకు ఎంత మెలి ఉండాలో జాన్ స్మీటన్ నమూనాలతో కొలిచి 1759లో రాయల్ సొసైటీకి సమర్పించాడు. గాలి ఉధృతమైతే రెక్కల పలకలు వాటంతటవే తెరుచుకుని గాలిని వదిలేసే ఏర్పాటును 1772లో ఆండ్రూ మీకిల్ కనిపెట్టాడు. నార్ఫోక్‌లోనే పుట్టిన విలియం క్యూబిట్ 1807లో దాన్ని ఇంకా మెరుగుచేసి, తిరుగుతున్న మరను ఆపకుండానే అన్ని పలకలనూ ఒక్క గొలుసుతో సర్దేలా చేశాడు. అనంతపురం కొండల మీద ఈవేళ తిరుగుతున్న టర్బైన్‌లో దిక్కు చూసుకునే మోటారు, రెక్క వాలు మార్చే మోటారు చేసే పనులు ఈ రెండే.

నార్ఫోక్ మరల్లో చాలావాటి పని గింజ విసరడం కాదు, నీళ్లు తోడడం. నార్ఫోక్ చిత్తడి నేలలు సముద్ర మట్టానికి అటూఇటూగా ఉంటాయి. నీళ్లను పైకెత్తి నదిలో పోయకపోతే పచ్చిక మునిగిపోతుంది. బెర్నీ ఆర్మ్స్ దగ్గర 21 మీటర్ల ఎత్తున ఉన్న మర మొదట సిమెంటు గడ్డలు పిండి చేసి, తర్వాత నీళ్లు తోడుతూ 1948 దాకా పనిచేసింది. హార్సీ ఊరి మర 1943లో పిడుగు పడి ఆగిపోయే వరకూ తిరిగింది. ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఆ అక్షాంశాల్లో గాలి జోరుగా వీచేది చలికాలంలో. నేల చిత్తడిగా మునిగేదీ చలికాలంలోనే. నీళ్లు ఎక్కువైన నెలలోనే గాలీ ఎక్కువ. పైగా నీళ్లు తోడే పనికి తొందర లేదు. ఈ రాత్రి గాలి లేకపోతే రేపు తోడొచ్చు. గాలి తన ఇష్టం వచ్చినప్పుడు వస్తుంది కాబట్టి, ఆగగలిగే పనే దానికి తగిన పని.

ఇప్పుడు దక్కన్‌కు రండి. కాటేదాన్ చుట్టుపక్కల నేల సముద్ర మట్టానికి ఐదువందల మీటర్లకు పైన, వాలుగా ఉంటుంది. ఇక్కడ నీటిని ఎత్తిపోయాల్సిన పనిని మన పూర్వులు వీలైనంత తప్పించారు. వాగుకు కట్ట కట్టి, తూము పెట్టి, కింది పొలానికి నీళ్లు వాటంతట అవే పారేలా చేశారు. ఒక చెరువు అలుగు పారితే కిందిది నిండే గొలుసుకట్టు అది. డెల్టాలోనూ అంతే. 1852లో ధవళేశ్వరం, 1855లో బెజవాడ ఆనకట్టలు నీటిని ఎత్తిపెట్టి, వాలు మీదనే లక్షల ఎకరాలకు పంపాయి. భూమ్యాకర్షణ ఊరకే చేసే పనికి గాలిని పిలవాల్సిన అవసరం రాలేదు.

ఎత్తి పోయక తప్పనిది బావి దగ్గర. బావి నీళ్లు ముఖ్యంగా అవసరమయ్యేది యాసంగి పంటకు, పుష్యం నుంచి ఫాల్గుణం దాకా. సరిగ్గా ఆ నెలల్లో మన గాలి మెత్తబడుతుంది. సంక్రాంతి పతంగులకు సరిపోయే తూర్పు గాలి, కళ్లంలో పొల్లు ఎగరేయడానికి సరిపోయే గాలి. బావిలోంచి నీళ్లు లాగడానికి చాలదు. గాలి విరుచుకుపడే ఆషాఢ శ్రావణాల్లో ఆకాశమే నీళ్లు పోస్తుంది. నార్ఫోక్‌లో గాలీ అవసరమూ ఒకే నెలలో కలిశాయి. మన దగ్గర అవి చెరో కొసన ఉన్నాయి.

అంకెల్లో చూస్తే ఇంకా స్పష్టం. నీళ్లు తోడే గాలిమర ఒకటి, ఐదు మీటర్ల వ్యాసం ఉన్నదాన్ని తీసుకోండి. సెకనుకు 8 మీటర్ల వానాకాలపు గాలిలో, పదోవంతు శక్తి నీటికి చేరిందనుకుంటే అది 600 వాట్ల పని చేస్తుంది. అంటే మోట తోలే ఎద్దుల జతకు దగ్గరగా వస్తుంది. 4 మీటర్ల గాలిలో 75 వాట్లు. రెండున్నర మీటర్ల చలికాలపు గాలిలో 18 వాట్లు. ఆ గాలికి చాలా మరలు కదలను కూడా కదలవు. ఎద్దులు మాత్రం మాఘంలోనూ అదే బలంతో నడుస్తాయి. మోటను వదలని రైతు లెక్క తెలిసినవాడే.

తీరంలో మరో చిక్కు. మచిలీపట్నంలో నెలల తరబడి వీచేది తేలికపాటి గాలి. ఎప్పుడో ఒక కార్తీకంలో తుపాను వస్తుంది. 1864 నవంబర్ 1న వచ్చిన ఉప్పెన అక్కడ సుమారు ముప్పైవేలమందిని పొట్టన పెట్టుకుంది. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో ఏం జరిగిందో మనలో చాలామందికి పెద్దవాళ్లు చెప్పగా తెలుసు. అలాంటి గాలికి చెక్క రెక్కలు నిలవవు. అసలు యూరప్‌లోనే పెనుగాలికి బ్రేకు పట్టీ రాపిడితో నిప్పంటుకుని కాలిపోయిన మరలు చాలా ఉన్నాయి.

స్వాతంత్ర్యం తర్వాత గాలితో నీళ్లు తోడే ప్రయత్నం జరిగింది. బెంగళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాల 1960లలో పల్లెల కోసం నీళ్లు తోడే పన్నెండు రెక్కల గాలిమరను తయారుచేసింది. 1980లలో నీళ్లు తోడే ఐదు మీటర్ల గాలిమరలను ప్రభుత్వమే ఒక కార్యక్రమంగా దేశంలో చాలాచోట్ల పెట్టించింది. మంచి ఉద్దేశంతో చేసిన పనే. కానీ యాసంగిలో గాలి లేదన్న పాత చిక్కు అలాగే ఉంది. పైగా అదే కాలంలో నీటిమట్టం దిగిపోతూ, తోడుబావుల స్థానంలో బోర్లు వచ్చాయి. పొలాలకు కరెంటు చవగ్గా, తర్వాత ఉచితంగా అందింది.

ఆ సమయంలోనే ఒక పెద్ద పని నిశ్శబ్దంగా జరిగింది. వాతావరణ శాఖలో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా పదవీవిరమణ చేసిన అన్నా మణి దేశమంతటి గాలి కొలతలనూ సేకరించి, 1983లో శాస్త్రవేత్త మూలేతో కలిసి గాలిశక్తి గణాంకాల గ్రంథాన్ని వెలువరించారు. ఏ ఊళ్లో, ఏ నెలలో, ఏ గంటలో ఎంత గాలి? ఈ పట్టికలు లేకుండా గాలి వ్యాపారం గుడ్డి పందెమే అయ్యేది. ఈరోజు టర్బైన్లు నిలబెట్టేవాళ్లందరూ ఆమెకు రుణపడ్డారని నేననుకుంటాను.

1986లో తూత్తుకుడి, ఓఖా, రత్నగిరి తీరాల్లో దేశపు తొలి గాలిమరల క్షేత్రాలు కరెంటు ఇవ్వడం మొదలుపెట్టాయి. ఆ తర్వాతి దశాబ్దంలో అనంతపురం జిల్లా రామగిరి కొండల మీదికి టర్బైన్లు వచ్చాయి. కింద బంగారు గని, పైన గాలిమర. గని 2001లో మూతపడింది, రెక్కలు మిగిలాయి. పడమటి కనుమలు దాటి వచ్చే రుతుపవనపు గాలికి రాయలసీమ మెట్టలు ఎదురు నిలుస్తాయి. ఆంధ్రప్రదేశ్ గాలి విద్యుత్ సామర్థ్యం ఇప్పుడు నాలుగువేల మెగావాట్లు దాటింది, అందులో దాదాపు అంతా సీమలోనే ఉంది. తెలంగాణది 128 మెగావాట్లు మాత్రమే. అందులో పెద్ద వాటా, సుమారు వంద మెగావాట్లు, 2016లో పరిగి ప్రాంతంలోని నజీరాబాద్ దగ్గర వచ్చింది. అప్పటికది కాటేదాన్ ఉన్న రంగారెడ్డి జిల్లాలోనే ఉండేది, ఆ ఏడాదే వికారాబాద్ జిల్లాలోకి వెళ్లింది.

పాత మరకు సాధ్యం కానిది వీటికెలా సాధ్యమైంది? ఒకటి ఎత్తు. నేల దగ్గర చెట్లు, ఇళ్లు గాలిని పట్టి నెమ్మదింపజేస్తాయి. పది మీటర్ల ఎత్తుకంటే వంద మీటర్ల ఎత్తులో గాలి వేగం మామూలుగా నలభై శాతం దాకా ఎక్కువ. ఘనం లెక్కన శక్తి రెండున్నర రెట్లకు పైనే. రెండోది తీగ. కరెంటు తీగకు కట్టిన మరకు ఆ క్షణంలో తన పక్కన పని ఉండనక్కర్లేదు. ఉరవకొండ దగ్గర రెక్క తిరిగితే ఇంకెక్కడో మోటారు తిరుగుతుంది. ఆ క్షణంలో రామగుండంలో అంత బొగ్గు తక్కువ కాలుతుంది.

గాలి వచ్చే గంటకూ కరెంటు కావాల్సిన గంటకూ పొంతన కుదర్చడానికి నీళ్లు మళ్లీ రంగంలోకి వచ్చాయి. శ్రీశైలం ఎడమగట్టున ఉన్న 900 మెగావాట్ల కేంద్రంలో ఆరు యంత్రాలనూ రెండు వైపులా తిరిగేలా రూపొందించారు. కరెంటు కావాల్సినప్పుడు నీళ్లు దించి పుట్టించడం, మిగిలినప్పుడు నీళ్లను వెనక్కి ఎత్తడం వాటి పని. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పథకాన్ని ఇంకో మెట్టు ముందుకెళ్లి, నది మీద కాకుండా విడిగా రెండు జలాశయాలతో రూపొందించారు. ఒకసారి నింపిన నీటినే ఎండ, గాలి మిగులు కరెంటుతో పైకి పంపి, సాయంత్రం దించుకోవడం దాని ఉద్దేశం. తెలుగు నేల మీద గాలి నిజంగా నీళ్లు ఎత్తే ఏర్పాటు ఇదే.

అయితే ఆ జలాశయాలు దాచేది కొన్ని గంటల పని. ఆషాఢపు గాలిని ఫాల్గుణానికి దాచే చెరువు ఎవరి దగ్గరా లేదు. జూన్, జూలైల్లో గాలి పుష్కలంగా ఉన్నా శ్రీశైలం మామూలుగా అప్పటికి నిండి ఉండదు. యాసంగి వరికి బోరు మోటార్లన్నీ తిరిగే ఫిబ్రవరి, మార్చిల్లో గాలి ఉండదు. ఆ నెలల్లో తెలంగాణకు దండిగా ఉన్నది మబ్బు లేని ఎండ. మోటారు పగలు నడిస్తే సరిపోతుంది కాబట్టి, బావికీ ఎండకూ నెల కలుస్తుంది, పొద్దు కూడా కలుస్తుంది. తెలంగాణలో గాలి విద్యుత్ వంద పైచిలుకు మెగావాట్ల దగ్గర ఆగిపోగా సౌర విద్యుత్ వేల మెగావాట్లకు చేరడానికి భూమి ధర, టెండర్లు వంటి కారణాలు ఎన్నో చెబుతారు. నెలల ఈ పొంతన కూడా వాటిలో ఒకటి.